రాత్రి రెండు గంటల కాపలా: పిల్లల షుగర్‌కు కుక్క ఎంతవరకు తోడు?

టైప్-1 షుగర్ ఉన్న చిన్నబిడ్డ ఇంట్లో పగలు ఎలాగో గడుస్తుంది. వేళకు సూది వేస్తారు, అన్నం కొలిచి పెడతారు, వేలు గుచ్చి చూస్తారు. కష్టమంతా రాత్రిది. నిద్రలో షుగర్ పడిపోతే బిడ్డకు తెలియదు, పక్కన పడుకున్న తల్లికీ తెలియదు. చెయ్యి తగిలి, ఒళ్లు చల్లబడి చెమట పట్టిందని గుర్తిస్తే అదృష్టం. గుర్తించకపోతే ఫిట్స్ వచ్చాకే తెలుస్తుంది. అందుకే రెండింటికో మూడింటికో అలారం పెట్టుకుని లేచి, నిద్రపోతున్న బిడ్డ వేలు గుచ్చి చూసే తల్లిదండ్రులు ప్రపంచమంతటా ఉన్నారు.

ఆ కాపలా ఒక కుక్క కాయగలదా? పాతికేళ్లుగా పాశ్చాత్య దేశాల్లో నలుగుతున్న ప్రశ్న ఇది. బ్రిటన్‌లో, అమెరికాలో ఇందుకోసం శిక్షణ ఇచ్చిన కుక్కలు చాలా ఇళ్లలో ఉన్నాయి. బిడ్డ షుగర్ పడిపోగానే కుక్క వెళ్లి తల్లిని లేపే వీడియోలు మన నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డలో ఉన్నవాళ్ల ఫోన్లకూ చేరతాయి. అవి చూసిన తల్లికి ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను కొట్టిపారేయకూడదు. అలాగని దాన్ని నమ్మించి సొమ్ము చేసుకునేవాళ్ల చేతికి వదిలేయకూడదు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయి, ఆ తేలినది నంద్యాల జిల్లాలోని ఒక ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఇక్కడ చూద్దాం.

ముందు జబ్బు సంగతి. "చిన్నపిల్లలకు షుగరేంటి?" అని ఇప్పటికీ చుట్టాలు ఆశ్చర్యపోతుంటారు. పెద్దవాళ్లకు వచ్చే షుగర్ వేరు, ఇది వేరు. శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. బిడ్డ మిఠాయిలు ఎక్కువ తిన్నందుకు రాదు, తల్లి ఏదో తప్పు చేసినందుకూ రాదు. ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వకపోతే ప్రాణం నిలవదు. మాత్రలతో, కషాయాలతో, చెట్టు మందులతో నడిచే వ్యవహారం కాదు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం 20 ఏళ్ల లోపు టైప్-1 బాధితులు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం మనదే, దాదాపు 2,29,000 మంది.

ఇన్సులిన్‌తో చిక్కేమిటంటే, ఒకసారి వేశాక దాన్ని వెనక్కి తీసుకోలేం. సూది వేశాక బిడ్డ అన్నం తినకుండా మారాం చేసినా, ఎక్కువసేపు ఆడినా, ఇన్సులిన్ తన పని తాను చేసుకుపోతుంది. రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 54 కంటే తగ్గితే ప్రమాదం. దీన్నే ఇళ్లలో "లో అయింది" అంటారు. మన ప్రాంతంలో ఇలా "లో" అయ్యే సందర్భాలు ఏడాది పొడుగునా వస్తాయి. ఎగువ అహోబిలం మెట్లెక్కిన రోజు, మహానంది కోనేటిలో పిల్లలు గంటలకొద్దీ ఈతలు కొట్టిన రోజు, పారువేట ఉత్సవం ఊళ్లోకి వచ్చి భోజనం వేళ తప్పిన రోజు. పగలు పడిన ఆ శ్రమ ఫలితం చాలాసార్లు అప్పటికప్పుడు కనిపించదు. ఆ రాత్రి నిద్రలో కనిపిస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలు తమకేం అవుతోందో చెప్పలేరు. మళ్లీమళ్లీ "లో" అయిన పిల్లల్లో చెమట, వణుకు వంటి హెచ్చరికలు కూడా మొద్దుబారిపోతాయి.

ఈ భయం వల్ల ఇంకో నష్టం ఉంది. రాత్రి పడిపోతుందేమోనని తల్లిదండ్రులు ఇన్సులిన్ తగ్గించి వేస్తారు, పడుకునే ముందు అదనంగా తినిపిస్తారు. షుగర్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే ఆ రాత్రికి ఏమీ కాదు, కానీ ఏళ్ల తర్వాత కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాబట్టి రాత్రి కాపలా దొరకడమంటే నిద్ర దొరకడం ఒక్కటే కాదు. ధైర్యంగా సరైన మోతాదు వేయగలగడం కూడా. కుక్కల మీద అంత ఆశ ఎందుకు పెట్టుకున్నారో అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

కుక్కకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం చాలా పాతది. క్లోమానికీ షుగర్‌కూ లంకె ఉందని తేలిందే ఒక కుక్క వల్ల. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన ఇన్సులిన్ సారం మొదట పనిచేసింది కూడా కుక్కల మీదే. మార్జొరీ అనే కుక్కను క్లోమం లేకుండానే ఆ సారంతో రెండు నెలలకు పైగా బతికించారు. 1922 జనవరిలో అదే మందు లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి ఇచ్చారు. అంతవరకు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఆకలితో ఎండి చనిపోయేవారు. ఈనాడు మన పిల్లలు సూది వేసుకుని బడికి పోతున్నారంటే ఆ కుక్కల ప్రాణాలు కూడా అందులో కలిసి ఉన్నాయి.

అయితే కుక్క మనిషి షుగర్‌ను పసిగట్టగలదన్న ఆలోచన ప్రయోగశాలలో పుట్టలేదు, ఇళ్లలో పుట్టింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2000 డిసెంబరులో ముగ్గురు రోగుల అనుభవాలు అచ్చువేసింది. ఎవరూ శిక్షణ ఇవ్వని పెంపుడు కుక్కలు, యజమానికి షుగర్ పడిపోయినప్పుడు వింతగా ప్రవర్తించేవి. ఒకటి కుర్చీ కింద దూరేది, మరొకటి యజమాని లేచేదాకా వదిలేది కాదు. 2008లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబోరా వెల్స్ బృందం కుక్కలు పెంచుకునే 212 మంది టైప్-1 రోగులను ప్రశ్నించింది. నూటికి 65 మంది తమ కుక్క కనీసం ఒక్కసారైనా "లో" సమయంలో స్పందించిందని చెప్పారు. ఇది యజమానులు గుర్తుచేసుకుని చెప్పిన మాట. నిజంగా స్పందించిన రోజు గుర్తుంటుంది, స్పందించని రోజు మరుపున పడుతుంది. ఆ తేడాను మొదటినుంచీ గమనించాలి.

కుక్క దేన్ని పసిగడుతోంది? వాసనే అయి ఉండాలని అందరి ఊహ. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు టైప్-1 ఉన్న ఎనిమిది మంది స్త్రీల షుగర్‌ను జాగ్రత్తగా తగ్గిస్తూ ఊపిరిని పరీక్షించారు. షుగర్ పడిపోయినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే వాయువు బాగా పెరిగింది, కొందరిలో దాదాపు రెట్టింపు. మన ముక్కుకు అది అందదు, కుక్క ముక్కుకు అందవచ్చు. కుక్కలు పట్టేది ఈ ఒక్క వాయువునే అని మాత్రం దానితో రుజువు కాలేదు. చెమట వాసన, వణుకు, నడకలో తేడా, ముఖం పాలిపోవడం, ఇవన్నీ కలిపి కుక్క చదువుతూ ఉండవచ్చు. ఇంట్లో మనతో తిరిగే కుక్కకు మన నడక తీరు మనకంటే బాగా తెలుసు.

శిక్షణ ఎలా ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఖర్చంతా అక్కడే ఉంది. షుగర్ పడిపోయిన సమయంలో బిడ్డ చెమటనో ఊపిరినో దూదిమీద, గుడ్డమీద పట్టి ఫ్రీజర్లో దాస్తారు. మామూలు సమయంలో తీసిన నమూనాలు పక్కన పెట్టి, సరైనదాన్ని గుర్తించినప్పుడే కుక్కకు తిండి, మెచ్చుకోలు ఇస్తారు. పోలీసు కుక్కకు పేలుడు పదార్థం వాసన నేర్పే పద్ధతి కూడా దాదాపు ఇదే. ఆ తర్వాత వాసన తగలగానే ఏం చేయాలో నేర్పుతారు. కాలితో తట్టడం, ముక్కుతో పొడవడం, గ్లూకోమీటర్ సంచి నోట కరుచుకుని తేవడం, పక్కగదిలో ఉన్న తల్లిని లేపడం. వీటన్నిటికంటే ముందు రైల్వే స్టేషన్లోనూ బడిలోనూ ఎవర్నీ కరవకుండా, బెదరకుండా కుదురుగా ఉండటం నేర్పాలి. ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. శిక్షణ పూర్తయ్యాక కూడా ఇంట్లోవాళ్లు రోజూ సాధన చేయించకపోతే కుక్క నెమ్మదిగా మరిచిపోతుంది. తప్పుడు హెచ్చరికకు కూడా బిస్కెట్ ఇస్తే, బిస్కెట్ కోసమే హెచ్చరించడం నేర్చుకుంటుంది. బ్రిటన్‌లో 2008లో క్లేర్ గెస్ట్, డాక్టర్ జాన్ చర్చ్ స్థాపించిన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే ధార్మిక సంస్థ ఈ పనిలో పేరున్నది. అమెరికాలో చాలావరకు ఇది ప్రైవేటు వ్యాపారం. అక్కడ ఒక్కో కుక్క ధర వేల డాలర్లలో ఉంటుంది.

ఇక అసలు విషయం, రుజువులు. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి, ఎందుకంటే ఒక్కో అధ్యయనం ఒక్కో మాట చెబుతున్నట్టు కనిపిస్తుంది.

ప్రయోగశాలలో రెండు పరీక్షలు పేరు పొందాయి. 2013లో అమెరికాలోని ఒరెగాన్‌లో అప్పటికే శిక్షణ పొందిన మూడు కుక్కలకు, రోగుల చర్మం మీదినుంచి తీసిన నమూనాలు వాసన చూపించారు. "లో" నమూనాను అవి పోల్చలేకపోయాయి. బొమ్మా బొరుసా వేసి చెప్పినంతే తేలింది. 2015లో ఇండియానా రాష్ట్రంలో మరో బృందం ఆరు కుక్కలతో చేసిన పరీక్షలో ఫలితం మెరుగ్గా వచ్చింది. ఆ కుక్కలు సరైన నమూనాలను నూటికి 50 నుంచి 87 దాకా పట్టాయి, తప్పుడు నమూనాలను చాలావరకు వదిలేశాయి. పరీక్ష ఎలా పెట్టారు, నమూనా ఎలా దాచారు, కుక్కకు ఆ మనిషి పరిచయమా కాదా అన్నదాన్నిబట్టి ఫలితం మారిపోతోందన్నమాట.

ప్రయోగశాల కంటే ఇల్లు ముఖ్యం. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన నికోలా రూనీ బృందం మెడికల్ డిటెక్షన్ డాగ్స్ కుక్కలను ఇళ్లలోనే అధ్యయనం చేసింది. 2013లో 17 మంది యజమానులతో, 2019లో 27 కుక్కలతో. ఆ రెండోదానిలో నాలుగు వేలకు పైగా సందర్భాలు లెక్కలోకి వచ్చాయి. సగటు కుక్క "లో" సందర్భాలు నూటికి 83 పట్టింది. షుగర్ ఎక్కువైన సందర్భాలు నూటికి 67. కుక్క హెచ్చరించిన ప్రతి నూటిలో 81 సార్లు షుగర్ నిజంగానే హద్దు దాటి ఉంది. మంచి అంకెలే. అయితే ఇవి అన్ని కుక్కల అంకెల్లో మధ్యస్థమైనవి. అదే పట్టికలో అడుగున ఉన్న కుక్కలు ఎక్కువైన షుగర్‌ను నూటికి 17 సార్లు కూడా సరిగా పట్టలేదు. పైగా రక్తపరీక్ష చేసిందీ, పుస్తకంలో రాసిందీ యజమానులే. కుక్క లేపినప్పుడు పరీక్ష చేస్తారు. లేపనప్పుడు చేయకపోవచ్చు. కుక్క పట్టలేకపోయిన "లో" అప్పుడు లెక్కలోకే రాదు.

ఆ లోపం లేకుండా చేసిన పరీక్ష 2017లో ఒరెగాన్‌లోనే జరిగింది. కుక్కలున్న ఎనిమిది మంది ఒంటికి నిరంతరం గ్లూకోజ్ కొలిచే సెన్సార్ అమర్చారు. తెర మీద అంకె యజమానికి కనిపించకుండా చేశారు. కుక్క ఎప్పుడు హెచ్చరించిందో విడిగా రాయించారు. "లో" అయిన సందర్భాల్లో కుక్క పట్టింది నూటికి 36. కుక్క ఇచ్చిన హెచ్చరికలన్నిటిలో ఆ సమయానికి షుగర్ నిజంగా తక్కువగా ఉన్నవి నూటికి 12. కుక్కా సెన్సారూ రెండూ పట్టిన చోట సెన్సారే ముందు పట్టింది, మధ్యస్థంగా 22 నిమిషాల ముందు. షుగర్ వేగంగా పడిపోతున్న బిడ్డకు 22 నిమిషాలంటే చాలా ఎక్కువ. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మామూలు సమయంలో కంటే "లో" సమయంలో ఆ కుక్కలు మూడు రెట్లు ఎక్కువగా హెచ్చరించాయి. అంటే వాటికి ఏదో తెలుస్తోంది. ఆ తెలిసినది ప్రాణం అప్పగించేంత నమ్మకమైనది కాదు. అదే ఏడాది వర్జీనియా విశ్వవిద్యాలయం 14 కుక్కల మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఒక కుక్కకూ మరో కుక్కకూ హస్తిమశకాంతరం, నిజంగా మంచివి కొన్నే.

ఈ అధ్యయనాలన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది. "కుక్క పసిగట్టగలదా?" అన్న ప్రశ్నకు జవాబు అవుననే. "ఈ కుక్క, ఈ ఇంట్లో, ఈ బిడ్డకు, ఈ రాత్రి పసిగడుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు ఎవరూ ముందుగా చెప్పలేరు. తల్లికి కావాల్సింది మాత్రం ఆ రెండో జవాబే. కుక్క కూడా నిద్రపోతుంది, అలసిపోతుంది, దానికీ జబ్బు చేస్తుంది.

మరి కుక్కలున్న కుటుంబాలు అంత సంతృప్తిగా ఎందుకు ఉంటాయి? అడిగిన ప్రతిచోటా వాళ్లు తమ జీవితం బాగుపడిందనే చెప్పారు. భయం తగ్గిందన్నారు, బయటికి వెళ్లే ధైర్యం వచ్చిందన్నారు. ఇది ఉత్త భ్రమ అనుకోను. కుక్క తట్టిన ప్రతిసారీ వేలు గుచ్చి చూస్తారు కాబట్టి పరీక్షల సంఖ్య పెరుగుతుంది. పరీక్షలు పెరిగితే అదుపు మెరుగవుతుంది. బిడ్డ కుక్కతో ఆడుతుంది, నడుస్తుంది. ముఖ్యంగా, ఈ జబ్బు తెచ్చే ఒంటరితనంలో ఒక తోడు దొరుకుతుంది. క్లాసులో తానొక్కతే సూది వేసుకునే పిల్లకు, వేలు గుచ్చుకునే వేళ ఒళ్లో తల పెట్టే ప్రాణి ఉండటం ఏ పట్టికలోనూ చేరని మేలు. ఆ మేలు కోసం కుక్కను తెచ్చుకోవడంలో తప్పు లేదు. దాన్ని అలారంగా నమ్మి, అలారం ధర చెల్లించడంలోనే తప్పుంది.

ఆ ధర గురించి హెచ్చరిక అవసరం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర అటార్నీ జనరల్ 2018లో ఇలాంటి కుక్కలు అమ్మే ఒక సంస్థ మీద కోర్టుకెక్కారు. ఆ సంస్థ ఒక్కో కుక్కను 27,000 డాలర్ల దాకా అమ్మింది. చాలా కుటుంబాలకు చేరినవి సరైన శిక్షణే లేని కుక్కపిల్లలని ఆరోపణ. అప్పులు చేసి, చందాలు వసూలుచేసి డబ్బు కట్టిన తల్లిదండ్రులు వాళ్లంతా. కఠినమైన వినియోగదారుల చట్టాలున్న దేశంలోనే ఇలా జరిగితే, ఏ ప్రమాణమూ లేని చోట ఏమవుతుందో ఊహించవచ్చు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఆళ్ళగడ్డ అక్కడికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్లు. పిల్లల షుగర్‌లో అనుభవమున్న ఎండోక్రినాలజిస్టు కావాలంటే చాలామంది కర్నూలుకో హైదరాబాదుకో వెళ్తారు. ఇలాంటి చోట శిక్షణ కుక్క అనే ఆలోచన ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ జారిపోతుంది?

మనవాళ్లకు పనిచేసే కుక్క కొత్త కాదు. గొర్రెల మందల వెంట నడిచే కుక్కలు, కళ్లాల దగ్గర, తోటల దగ్గర కాపలా కాసే కుక్కలు ఈ సీమలో ఎప్పటినుంచో ఉన్నాయి. కాలభైరవుడి వాహనంగా దానికి మొక్కుతాం కూడా. అయినా ఆ కుక్క చోటు ఇంటి బయటే. షుగర్ కనిపెట్టే కుక్క మాత్రం బిడ్డ మంచం పక్కన పడుకోవాలి. మడి, పూజగది ఉన్న ఇళ్లలో అది కుదరదు. నమాజుకు శుభ్రత పాటించే ముస్లిం ఇళ్లలోనూ కష్టమే, నంద్యాలలో ఆ కుటుంబాలు తక్కువేమీ కాదు. ఈ అభ్యంతరాలను మూఢత్వమని తోసిపారేయడం సరికాదు. ఇంట్లో రోజూ నలుగురు కలిసి బతకాలి. కుక్క మీద అత్తకూ కోడలికీ పేచీ వస్తే దాని సాధన ఆగిపోతుంది.

ఎండ మరో అడ్డంకి. ఇక్కడ వేసవిలో ఎండ 45 డిగ్రీలు చేరడం మామూలు. విదేశాల్లో ఈ పనికి ఎక్కువగా వాడే లాబ్రడార్ చలి ప్రాంతపు జాతి. రేకుల ఇంట్లో, ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్ల పక్కన రాతి దుమ్ములో, మే నెల మధ్యాహ్నం అది నాలుక చాచి రొప్పుతూ కూర్చుంటుంది. రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు. రేబిస్ సంగతీ మరవకూడదు. ప్రపంచ రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీధికుక్కలు తిరిగే సందుల్లో, టీకాలు సకాలంలో వేయించని ఇంట్లో, కుక్కను తేవడమంటే ఒక ప్రమాదం తగ్గించబోయి మరొకటి తెచ్చుకోవడమే.

చట్టం సాయం కూడా లేదు. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో తలసేమియా, హిమోఫిలియా ఉన్నాయి, టైప్-1 డయాబెటిస్ లేదు. అమెరికాలో సేవా కుక్కను హోటల్లోకి రానీయకపోతే అది చట్టవిరుద్ధం. ఇక్కడ నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు ఆర్టీసీ బస్సులో ఆ కుక్కను ఎక్కించాలంటే కండక్టరు దయ. బడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఖర్చు లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. టైప్-1 బిడ్డకు రోజుకు కనీసం ఆరుసార్లు పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు. ఒక్కో స్ట్రిప్పు ఇరవై రూపాయలనుకున్నా రోజుకు 120, నెలకు 3,600. రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 2025-26లో 307 రూపాయలు. అంటే నెలలో దాదాపు పన్నెండు రోజుల కూలి ఒక్క స్ట్రిప్పులకే పోతుంది, ఇన్సులిన్ కాకుండా. అందుకే చాలా ఇళ్లలో రోజుకు ఒకసారో, రెండు రోజులకు ఒకసారో చూసి ఊరుకుంటారు. చేతికి అతికించే సెన్సారైతే రెండు వారాలకే వేల రూపాయలు. మంచి జాతి కుక్క తిండికీ, టీకాలకూ, పశువైద్యుడికీ నెలనెలా అయ్యే ఖర్చు స్ట్రిప్పుల ఖర్చుకు తీసిపోదు. పైగా కుక్క హెచ్చరించినప్పుడల్లా స్ట్రిప్పుతో చూడక తప్పదు కదా. స్ట్రిప్పులు కొనలేని ఇంటికి కుక్క పరిష్కారం కాదు. కొనగలిగిన ఇంటికి ముందు అవసరం సెన్సార్.

సెన్సార్ గురించి రెండు మాటలు. కొన్ని రకాలు షుగర్ పడిపోతే వాటంతట అవే ఫోన్లో అలారం మోగిస్తాయి. కొన్ని రకాలు ఫోన్ దగ్గర పెట్టి చూస్తేనే అంకె చూపిస్తాయి. రాత్రి కాపలాకు మొదటి రకమే పనికొస్తుంది, కొనేముందు ఇది అడిగి తీరాలి. బిడ్డ ఆ చెయ్యి మీదే ఒత్తి పడుకుంటే సెన్సార్ తప్పుగా తక్కువ చూపవచ్చు. అనుమానం వస్తే వేలు గుచ్చి చూడటమే. పండుగ రోజుల్లో, పరీక్షల కాలంలో, జ్వరం వచ్చినప్పుడు, నెలకో రెండు వారాలు పెట్టించినా ఆ బిడ్డ షుగర్ రాత్రి ఏ వేళకు పడిపోతుందో తెలిసిపోతుంది. దాన్నిబట్టి డాక్టరు మోతాదు మారిస్తే, మిగతా రాత్రులకూ ధైర్యం వస్తుంది.

ఇంతకంటే ముందు చేయాల్సినవి ఇంకా ఉన్నాయి, అవే ఎక్కువ ప్రాణాలు నిలుపుతాయి. బిడ్డ ఊరికే నీళ్లు తాగుతోంది, మాటిమాటికీ మూత్రానికి పోతోంది, పక్క తడుపుతోంది, చిక్కిపోతోంది, నీరసపడుతోంది అంటే ఆ రోజే గ్లూకోమీటర్‌తో చూడాలి. కడుపునొప్పి, వాంతులు, ఆయాసంతో వచ్చిన బిడ్డకు టైఫాయిడ్ అని మందులిచ్చి రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరా, ఏఎన్ఎం దగ్గరా గ్లూకోమీటర్ ఉంటుంది. దాన్ని చిన్నపిల్లల మీద వాడాలన్న ఆలోచనే రాదు. ఇక కరెంటు పోతూ ఉండే వేసవిలో ఇన్సులిన్ చెడిపోకుండా చూడాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన కుండలో సీసాను నీళ్లు తగలకుండా పెట్టుకోవచ్చు. రాత్రి మంచం దగ్గర గ్లూకోజ్ పొడి ఉండాలి. "లో" అయితే పెద్ద పిల్లలకు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. చిన్నవాళ్లకు డాక్టరు చెప్పిన మేరకు తక్కువ. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ సూది ఇలాంటప్పుడు ప్రాణం కాపాడుతుంది, కానీ చిన్న ఊళ్ల మందుల షాపుల్లో అది అరుదు.

కొంత కదలిక వచ్చింది. టైప్-1 చికిత్సకు ఐసీఎంఆర్ 2022లో జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. పరీక్ష హాల్లోకి తినుబండారం తీసుకెళ్లేందుకు సీబీఎస్ఈ 2017లోనే ఒప్పుకుంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో అన్ని రాష్ట్రాలకూ ఇలాంటి సూచనలే పంపింది. ఆళ్ళగడ్డ బడిలో పనిచేసే ప్రతి టీచరుకూ ఆ సూచనలు చేరి ఉంటే బాగుండేది. పీరియడ్ మధ్యలో చిక్కీ నమిలిన పిల్లను మందలించే ముందు, ఎందుకు తింటోందో అడగాలన్న ఇంగితం ఏ శిక్షణ కుక్కకూ తీసిపోని కాపలా. ఒక టీచరుకు "లో" లక్షణాలు నేర్పడానికి ఒక పూట చాలు.

కుక్కల తలుపు పూర్తిగా మూసేయమని నేననను. మన దేశంలో ఆ నైపుణ్యం ఉంది. 2021లో భారత సైన్యం మీరట్‌లో కోవిడ్‌ను చెమట, మూత్రం నమూనాల వాసనతో పట్టేందుకు కుక్కలకు శిక్షణ ఇచ్చింది. వాటిలో తమిళనాడుకు చెందిన చిప్పిపారై జాతి కుక్క కూడా ఉంది. ఎండకు తట్టుకునే సన్నటి వేటజాతి అది, లాబ్రడార్ కంటే మన వాతావరణానికి నయం. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చే కేంద్రం దశాబ్దాలుగా నడుస్తోంది. అలాంటి శిక్షకులూ ఒక వైద్య కళాశాలా కలిసి నాలుగైదు కుక్కలతో నిక్కచ్చిగా ఒక పరీక్ష జరిపితే మంచిదే. అంకె ఎవరికీ కనిపించకుండా సెన్సార్ పెట్టి, కుక్క ఎప్పుడు హెచ్చరించిందో విడిగా రాసి, రెండూ సరిపోల్చాలి. అందులో నెగ్గిన కుక్కను మాత్రమే ఇంటికి పంపాలి. ఆ పరీక్ష ఫలితం కాగితం మీద చూపించకుండా కుక్కను అమ్మజూపేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

ఇక ఇప్పటికే ఇంట్లో కుక్క ఉన్నవాళ్ల సంగతి. అది బిడ్డ చుట్టూ తిరిగి మూలిగినా, అకారణంగా నాకినా, నిద్రలేపినా, విసుక్కోకుండా వెంటనే షుగర్ చూడండి. తక్కువగా ఉంటే ముందు బిడ్డకు చక్కెర, ఆ తర్వాతే కుక్కకు మెచ్చుకోలు. కుక్క ఏమీ అనలేదు కదా అని మాత్రం పరీక్ష మానకండి. పడుకునే ముందు చూడాల్సినది చూసి తీరాల్సిందే. ఇన్సులిన్ లెక్కలు రాసుకునే నోటు పుస్తకంలోనే పక్కన ఇంకో గడి గీసి, కుక్క లేపిన వేళనూ, అప్పటి అంకెనూ రాయండి. కుక్క లేపకుండా "లో" అయిన వేళలు కూడా దాచకుండా రాయండి. మూడు నెలలకు, సగటు షుగర్ చూసే హెచ్‌బీఏ1సీ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం డాక్టరుకు చూపిస్తే, మీ కుక్క మాట ఎంతవరకు వినవచ్చో అంకెల్లోనే తేలుతుంది.